ఆరేళ్ల పచ్చి బాలింత

మా అత్తమ్మ లెక్కలో నేను ఆరేళ్లు పచ్చి బాలింతను.

ఎవరింట్లోనైనా కాన్పయిన మనిషి మూడు నెలలకో ఐదు నెలలకో మామూలు మనిషై పనుల్లో పడుతుంది. నా సంగతి వేరు. కడుపు మీద చెయ్యి వేస్తే నొప్పి ఉన్నన్నాళ్లూ కడుపు పచ్చిగా ఉన్నట్టే, కడుపు పచ్చిగా ఉన్నన్నాళ్లూ బాలింతే అని ఆమె తీర్పు. దాని మీద అప్పీలు లేదు. బిడ్డ బడికి పోయే ఈడొచ్చినా నాకు చెవుల్లో దూది, తలకు రుమాలు, పొట్టకు పాత చీర కట్టు తప్పలేదు. ఎండాకాలంలో వాడంతా రంజన్ కుండలో చల్లటి నీళ్లు ముంచుకుని తాగుతుంటే, నేను గోరువెచ్చటి నీళ్లు ఊదుకుంటూ తాగేదాన్ని.

"మేడ్చల్ల గింత ముసలి బాలింత ఇంకెక్కడన్న ఉందా అత్తమ్మా?" అని అడిగితే, "నొప్పి పోయిందా? పోలే గద. మరి నోరు మూస్కొని గా నీళ్లు తాగు" అనేది.

మేడ్చల్ బస్ డిపో వెనక సందులో ఉండేది మా ఇల్లు. ముందుగదిలో నా కుట్టుమిషను, బట్టలు కత్తిరించే బల్ల. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టేదాన్ని. మా ఆయన పొద్దున్నే మోపెడ్ వేసుకుని రావల్కోల్‌లోని అంగూరు తోటకు ద్రాక్ష పనికి వెళ్లి సాయంత్రానికి వచ్చేవాడు. ఆ ఊళ్లో వాళ్లకు పాత ఇల్లు ఉంది, తోట ఉంది, ఊరవతల పోచమ్మ గుడి ఉంది. ఆ గుడి సంగతే ఇక్కడ ముఖ్యం.

నాకు తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. షామీర్‌పేట చెరువులో చేపలు పట్టి మా నాయిన ఒక్కడే నన్ను పెంచాడు. అందుకని తొలికాన్పు తల్లిగారింట్లో జరగాలన్న ఆచారం మా విషయంలో కుదరలేదు. "ఆడమనిషి లేని ఇంట్ల కాన్పేంది? నా కాడనే అయితది" అని అత్తమ్మ తేల్చేసింది. మా నాయిన మొహమాటంగా తలూపాడు. లోపల మాత్రం హమ్మయ్య అనుకుని ఉంటాడు.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం నాకు నొప్పులు వచ్చాయి. పొద్దుట మొదలైనవి సాయంత్రమైనా తెమల్లేదు. మేడ్చల్‌లోనే ఒక చిన్న ఆస్పత్రికి తీసుకెళ్తే, బిడ్డ అడ్డంగా ఉంది, కోయాల్సిందే అన్నారు. మా అత్తవారి వంశంలో అప్పటిదాకా కాన్పు కోసం కత్తి చూసిన ఆడమనిషి లేదు. అత్తమ్మ ఐదుగురిని ఇంట్లోనే కన్నది. కోత అనగానే ఆమె మెట్ల మీదనే కూలబడిందట. మా ఆయన కాగితం మీద సంతకం పెడుతుంటే, ఆమె రావల్కోల్ దిక్కుకు తిరిగి దండం పెట్టిందట.

నేను కళ్లు తెరిచేసరికి ఆమె పక్కనే ఉంది. ముందు బిడ్డను చూపించింది. ఆడపిల్ల, ఎర్రగా, కోపంగా, పిడికిళ్లు బిగించుకుని ఉంది. ఆ తర్వాత మొక్కు సంగతి చెప్పింది.

"పోశమ్మకు మొక్కిన. తల్లి పిల్ల సల్లగ బయటవడితే, పిల్లను సంకనేసుకొని, నెత్తిన బోనమెత్తుకొని, రావల్కోల్ ఇంటి కాడికెల్లి గుడి దాక నా కోడలు నడిచొస్తది తల్లీ అని మొక్కిన."

నా పొట్ట కోసి కుట్టి అప్పటికి ఎంతసేపో కాలేదు. పొట్ట నాది, నెత్తి నాది, నడుము నాది. మొక్కు మాత్రం ఆమెది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వగానే కుట్లు గుంజి ప్రాణం పోయినంత పనైంది. కోత కాన్పయ్యాక నవ్వకూడదని నర్సు చెప్పింది గానీ, మా అత్తమ్మ పక్కన ఉంటే నవ్వకుండా ఎట్లా ఉండాలో చెప్పలేదు.

కట్టు విప్పిన రోజు నేను మొట్టమొదట చూసుకున్నది కుట్టునే. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది? బొడ్డు కింద నుంచి నిలువుగా, ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి వంకరగా. ఆ కుట్టు కుట్టినవాళ్లు నా దగ్గర పని నేర్చుకుంటూ ఉంటే విప్పించి మళ్లీ కుట్టించేదాన్ని. ఆ మాట అంటే మా ఆయన, "నువ్వు పోయి నేర్పియ్యి ఇగ" అని నవ్వాడు. అంత పెద్ద గండంలోంచి బయటపడ్డ సంతోషంలో అందరికీ అన్నీ నవ్వులాటగానే ఉండేవి.

ఇంటికొచ్చాక అత్తమ్మ రాజ్యం మొదలైంది. పొద్దున్నే కాగే నీళ్లతో స్నానం, సాంబ్రాణి పొగ, ఆ తర్వాత నన్ను నిలబెట్టి మెత్తటి పాత చీరను పొట్ట చుట్టూ బిగించి చుట్టేది. పొట్ట జారకుండా, గాలి చేరకుండా ఉండాలంటే కట్టు బిగుతుగా ఉండాలి. చివర్న బొడ్డు కింద, కొంచెం కుడిపక్కగా గట్టి ముడి. "శుభమైన ముడి కుడిపక్కకే ఏస్తరు" అనేది. మా నాయిన మాత్రం షామీర్‌పేట నుంచి సైకిల్ మీద తడి గోనెసంచిలో కొర్రమట్ట చేపలు తెచ్చేవాడు. పుండు మానాలంటే కొర్రమట్టను మించింది లేదని ఆయన నమ్మకం. పచ్చి బాలింతకు చేప పెడితే వాతం చేస్తుందని ఆమె నమ్మకం. గుమ్మం దగ్గర ఇద్దరూ మర్యాదగానే కొట్లాడుకునేవాళ్లు. ఆ చేపలు చివరికి మా ఆయన తినేవాడు. ఆ ఏడాది మా ఇంట్లో బాగా కోలుకున్నది ఆయనే.

కుట్లు ఆరాయి. మచ్చ నల్లబడి, తర్వాత తెల్లబడింది. బిడ్డ బోర్లా పడింది, పాకింది. కానీ మచ్చకు కొంచెం కుడివైపు, రూపాయి బిళ్లంత మేర ఒక్క చోటు మాత్రం ఆరలేదు. ఊరికే ఉంటే అది ఉన్నట్టే తెలిసేది కాదు. ఏదైనా తగిలిందంటే మాత్రం చీమ కుట్టినట్టు మొదలై, లోపలికి గుంజి, కాసేపు ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. బస్సులో ఎవరి సంచి తగిలినా, బల్ల అంచు ఒత్తుకున్నా, గట్టిగా తుమ్మినా అంతే. ఆస్పత్రిలో చూపిస్తే గోళీలిచ్చారు. స్కానింగ్ తీసి లోపల ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఇంత నొప్పి ఎవరిదో నాకు అర్థం కాలేదు.

నొప్పి నన్ను పెద్దగా ఏడిపించలేదు. ఏడిపించింది ఇంకొకటి. నేను నా బిడ్డను చంకనేసుకుని నడవలేకపోయాను.

ఒళ్లో కూర్చోబెట్టుకునేదాన్ని, పక్కలో పడుకోబెట్టుకునేదాన్ని. కానీ ఎడమ చంకనేసుకుని నాలుగడుగులు వేసేసరికి దాని ముందువైపు కాలు ఊగుతూ వచ్చి ఆ చోటునే తన్నేది. కుడి చంకన వేసుకుంటే దాని మోకాలు నేరుగా అక్కడే ఒత్తేది. బస్టాండులో ఆడవాళ్లు చంకలో పిల్ల, నెత్తిన మూట, చేతిలో టిఫిను పట్టుకుని, ఏమీ మొయ్యనట్టే ముచ్చట్లాడుకుంటూ పోతుంటే చూసి కుళ్లుకునేదాన్ని. మా వాడలో నా బిడ్డను చంకనేసుకోని ఆడది నేనొక్కదాన్నే. ఆ ఒక్కటి తల్చుకుంటే నిజంగా ఏడుపొచ్చేది.

ఇక మొక్కు సంగతి. బోనాలు రాగానే అత్తమ్మ కళ్లు నా నడుము మీద పడేవి. మొదటి ఏడు పసిపిల్ల అని ఊరుకుంది. రెండో ఏడు పండగకు నెల ముందే పెరట్లో తాలీము మొదలుపెట్టించింది. నెత్తిన నీళ్ల బిందె, చంకలో పిల్ల, బావి నుంచి గుమ్మం దాకా నడక. ఆమె ముందు నడుస్తూ డప్పు దరువు నోటితో కొట్టేది. నేను బావి దాటానో లేదో, దాని మడమ తగలాల్సిన చోట తగిలింది. బిందె కిందపడి దొర్లింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. తడిసిన పిల్ల మాత్రం మళ్లీ చెయ్యి అన్నట్టు చప్పట్లు కొట్టింది.

"వచ్చే ఏడు సూద్దాం" అంది అత్తమ్మ.

వచ్చే ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. నా నొప్పి తగ్గడం లేదు, పిల్ల పెరగడం ఆగడం లేదు. ఇంకొన్నాళ్లు పోతే దాన్ని ఎత్తుకోవడం ఎవరి తరమూ కాదు. అప్పుడు మొక్కు శాశ్వతంగా మిగిలిపోతుంది. పిల్లకు ఒళ్లు వెచ్చబడితే చాలు, ఆమె రావల్కోల్ దిక్కు చూసి చెంపలు వేసుకునేది. ఒకవైపు అది బరువెక్కుతోందని దిగులు, ఇంకోవైపు చిక్కిపోతోందని దిగులు. అన్నంలో నెయ్యి ఒలకబోసి ముద్దలు పెట్టేది, మూతి తుడిచి ఎత్తి చూసి "అయ్యో, ఇంత బరువైందేందిరా" అనేది, దించి ఇంకో ముద్ద పెట్టేది.

మా ఆయన ఒకసారి ధైర్యం చేసి, "బండి మీద కూసొవెట్టి గుడి దాక తీస్కపోత, బోనం నెత్తిననే ఉంటది, పిల్ల ఒళ్లెనే ఉంటది" అన్నాడు.

"దేవతతోటి బేరమాడుతవార?" అని ఆమె చీపురందుకుంది. ఆయన తోటకు వెళ్లిపోయాడు.

బిడ్డకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదంతా వింటూనే పెరిగింది. దానికి ఎవరూ నేర్పకుండానే ఒక అలవాటు అబ్బింది. పరుగెత్తుకుంటూ వచ్చేది, నా ముందు ఠక్కున ఆగేది, వెనక నుంచి తిరిగొచ్చి ఎడమపక్కన చేరి నడుము పట్టుకునేది. పడుకున్నా ఎడమపక్కే. కాళ్లు ముడుచుకుని, మోకాళ్లు అటువైపు తిప్పుకుని పడుకునేది. ఇంత పిల్ల అంత జాగ్రత్తపడుతుంటే నాకు ముద్దూ వచ్చేది, దిగులూ వేసేది.

అత్తమ్మ మాటలు కూడా దానికి కంఠతా వచ్చాయి. ఒకసారి షామీర్‌పేటలో మా నాయినను చూసి బస్సులో తిరిగొస్తున్నాం. జనం కిక్కిరిసి ఉన్నారు. నిలబడ్డ నా మీదకు ఒకాయన బియ్యం మూట జరుపుతుంటే ఇది గట్టిగా అరిచింది.

"ఓ తాతా! మా అమ్మ పచ్చి బాలింత. తగిలియ్యకు!"

బస్సు బస్సంతా కదిలింది. ఇద్దరు లేచి సీటిచ్చారు. ఒక ముసలమ్మ కిటికీ అద్దం దించి, గాలి తగలొద్దని నా తలకు కొంగు కప్పి, అటూ ఇటూ చూసి అడిగింది.

"పసిపిల్ల ఏది బిడ్డా? ఇంటికాడ ఇడిచి వచ్చినవా?"

"నేనే" అంది నా కూతురు, పళ్లూడిన నోటితో నవ్వుతూ.

ఆ నవ్వులు మేడ్చల్ వచ్చేదాకా ఆగలేదు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నొప్పికి పట్టుకున్నానో, నవ్వుకు పట్టుకున్నానో చెప్పలేను.

దాని ఆరో ఏట, చలికాలంలో, మేడ్చల్‌లో కొత్తగా చేరిన ఒక డాక్టరమ్మ జాకెట్లు కుట్టించుకోవడానికి మా ఇంటికొచ్చింది. కోస్తా వైపు మనిషి. ఎదురుగా నిలబడి కొలతలు తీస్తూ, టేపు జారిపోతే తీద్దామని వంగాను. బల్ల మూల ఆ చోట తగిలింది. పళ్లు బిగబట్టి నిలబడ్డాను. ఆమె టేపు తీసి పక్కన పెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"దీనంత వయసు మేడం" అని, గుమ్మంలో కూర్చుని గుండీలు గుచ్చుతున్న నా కూతురిని చూపించాను.

ఆమె జాకెట్ల సంగతి మర్చిపోయింది. లోపలి నుంచి వచ్చిన అత్తమ్మతో తలుపు వేయించి, నా గుడ్డల బల్ల మీదే పడుకోమంది. ముందు పొట్ట కట్టు విప్పాలి. విప్పుతున్న కొద్దీ చీర వస్తూనే ఉంది. ఆమె ఒక కొస పట్టుకుని, నా కూతురు ఇంకో కొస పట్టుకుని, గది ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. డాక్టరమ్మకు నవ్వొస్తోంది గానీ పైకి నవ్వలేదు.

"ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించండి."

చూపించాను. ఆ చోటే ఆమె వేలు పెట్టి నొక్కి, "లేవకుండా తల ఒక్కటే పైకెత్తండి" అంది. ఎత్తాను. నొప్పి రెట్టింపైంది. మొర్రోమన్నాను.

"లోపలి నొప్పైతే ఇలా పొట్ట బిగిసినప్పుడు తగ్గాలి. మీకు పెరిగింది. అంటే ఇది కడుపులోది కాదు, పైన పొట్ట గోడలోది. కోత మానేటప్పుడు అక్కడి సన్నటి నరం ఏదో మచ్చలో చిక్కుకుని ఉంటుంది. కొందరికి ఇలా ఉండిపోతుంది. కడుపు ఎప్పుడో మానింది."

"జాకెట్ లోపలి అస్తరు గుడ్డ పొరపాటున కుట్టులో పడ్డట్టా మేడం?"

"అచ్చం అలాగే" అంది. తర్వాత చీర కొసను చూసింది, నా ఒంటి మీద ముడి ఒత్తుకుని పడిన గుంటను చూసింది. "ఈ ముడి ఎప్పుడూ ఇక్కడే వేస్తారా?"

జవాబు నేను చెప్పలేదు. గది మూల నిలబడ్డ అత్తమ్మ చెప్పింది. "మొదటినాటికెల్లి గక్కడనే ఏస్తున్న. రోజు నేనే కడత."

డాక్టరమ్మ కోప్పడలేదు. "కాన్పయిన కొత్తలో పొట్టకు ఆసరా మంచిదే పెద్దమ్మా. కానీ నొప్పి ఉన్న చోటే ఇన్నేళ్లు ముడి వేసి బిగిస్తే అది ఎలా నెమ్మదిస్తుంది? ముందు ఈ కట్టు తీసెయ్యండి. రోజూ నూనెతో మెల్లగా రుద్దండి. తగ్గకపోతే సూదిమందు వేద్దాం" అని చెప్పింది. నేను లేచి ఆమె జాకెట్ కొలతలు పూర్తి చేశాను. ఆ జాకెట్లకు చేతులు ఎంత బాగా కూర్చానో, ఆమె తర్వాత ఇంకెక్కడా కుట్టించుకోలేదు.

ఆ సాయంత్రం చీకటిపడే ముందు అత్తమ్మ గిన్నెలో నువ్వుల నూనె వెచ్చ చేసి తెచ్చి నా పక్కన కూర్చుంది.

"నేనేసిన ముడేనాయె బిడ్డా, నిన్ను గింత గోస వెట్టింది" అంది.

నాకు కోపం రావాలి. వెతుక్కున్నాను కూడా. దొరకలేదు. ఆరేళ్లు, ఒంట్లో బాగున్నా లేకున్నా, పొద్దున్నే లేచి నా చుట్టూ తిరుగుతూ ఆ చీర చుట్టిన మనిషి ఆమె. తల్లి ఉంటే ఏం చేస్తుందో నాకు తెలియదు, ఇదే చేస్తుందేమో అనిపించింది. ఆమె మీద నాకు ఉన్నది ప్రేమే. అది పైకి అనడం మా ఇళ్లల్లో అలవాటు లేదు. అందుకని ఇంకొకటి అడిగాను.

"అయితే నేను ఇగ బాలింతను కాదు గద?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "కాదు. పో. సల్లనీళ్లు తాగు పో."

రంజన్ దగ్గరకు ఉరికాను. చలికాలం, పైగా సాయంత్రం. ఒక చెంబు నిండా ముంచుకుని గటగటా తాగాను. పళ్లు జివ్వుమన్నాయి. చెవుల్లో దూది తీసి అవతల పారేశాను. మా ఆయన మోపెడ్ చప్పుడు సందు మొదటి నుంచే వినిపించింది. నా కూతురు మాత్రం మూతి ముడుచుకుని నిలబడింది.

"అమ్మ బాలింత కాకపోతే నేను పసిపిల్లను కాదా?"

"నువ్వు నా పెండ్లికూతురివి" అని అత్తమ్మ దాన్ని దగ్గరకు లాక్కుంది.

కట్టు పోయింది సరే, లంగా నాడా ఉంది కదా. అదీ సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చునేది. ఊరందరికీ లంగాలు కుట్టే నాకు ఇన్నేళ్లూ ఆ సంగతి తట్టలేదంటే ఏమనాలి? నాడా బదులు నాలుగు వేళ్ల వెడల్పు మెత్తటి పట్టీ వేసి, ముడి లేకుండా ఎడమపక్క హుక్కులు పెట్టి ఒక లంగా కుట్టుకున్నాను. హాయిగా ఉంది. పక్కింటామె చూసి, అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, తన పొట్ట మీద వేలు పెట్టి చూపించింది. పిల్లలు కాకుండా చేయించుకున్న ఆపరేషన్ కుట్టు దగ్గర ఆమెకూ అలాంటి నొప్పే ఉంది. ఆమెకొకటి కుట్టాను. ఆమె చెల్లెలు దుండిగల్ నుంచి వచ్చింది. ఆ తర్వాత వరసపెట్టి వచ్చారు. అందరూ ముందు జాకెట్ ముక్క ఇచ్చేవాళ్లు, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "గా ఆపరేషన్ లంగా ఒకటి" అనేవాళ్లు. ఇంతమంది పొట్టల్లో ఇన్ని చోట్లు ఉన్నాయని, ఒక్కరూ ఇంట్లో చెప్పుకోలేదని నాకు అప్పుడే తెలిసింది. నా ముందుగదిలో ఆ ఏడాది ఎన్ని నవ్వులో. ఎవరి కుట్టు వంకర అని పోటీలు పెట్టుకునేవాళ్లం. ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని.

అత్తమ్మ రోజూ నూనె రుద్దేది. ముడి వేసిన చేతులే మెత్తగా చుట్టూ తిరిగేవి. మొదట్లో ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ఎండాకాలం వచ్చేసరికి చీమ కుట్టడం చక్కిలిగింత లాంటిదైంది. పూర్తిగా పోలేదు. కానీ బస్సులో సంచి తగిలితే ఊపిరి ఆగేది కాదు.

మళ్లీ బోనాలొచ్చాయి. మా ఊరి వైపు శ్రావణంలో చేస్తారు. పిల్లకు ఏడు నడుస్తోంది, కాళ్లు సాగాయి, బియ్యం బస్తాలా ఉంది. పండగకు ముందు అత్తమ్మ ఒక్కతే రావల్కోల్ వెళ్లొచ్చింది. వచ్చి, కాళ్లు కడుక్కుంటూ ఏమీ ఎరగనట్టు చెప్పింది.

"పోశమ్మతోటి మాట్లాడిన. ముడి నేనేసిన తల్లీ, తప్పు నాది, నా కోడలును గోస వెట్టకు అన్న. పిల్లను ఇంటి కాడికెల్లి మొయ్యొద్దన్నది. గుడి ముంగట యాపచెట్టు కాడికెల్లి సాలన్నది."

"దేవతతోటి బేరమా అత్తమ్మా?"

"బేరం కాదు. ముచ్చట" అంది.

పండగ రోజు పొద్దున్నే అత్తమ్మ కొత్తకుండలో బియ్యం, పాలు, బెల్లం వేసి బోనం వండింది. కుండకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించింది. రావల్కోల్ ఇంటి నుంచి బయల్దేరాం. తోటల పక్క బాట, తడి నేల, ముందు డప్పులు. కొన్ని తోటల్లో అప్పటికే తీగలు పీకేసి ప్లాట్ల రాళ్లు పాతారు. మా ఆయన వాటి వైపు చూడకుండా నడిచాడు. నా నెత్తిన బోనం, కుడిచెయ్యి కుండ మీద. నా కూతురు పట్టులంగాలో ఎడమపక్కన నడుస్తోంది. ఎప్పటిలాగే.

వేపచెట్టు దగ్గర ఆగాం. ఎవరో నా కాళ్ల మీద వేపాకు నీళ్లు పోశారు. మా ఆయన పిల్లను ఎత్తి నా ఎడమ చంకకు అందించాడు. అంత పెద్దపిల్ల నా మెడ చుట్టూ చేతులు వేసి బిగుసుకుపోయింది. ఊపిరి కూడా తీసుకోవడం లేదు. కాళ్లు నాకు తగలకుండా గాల్లో చాచి పెట్టింది.

"కాలు ఇడువు బిడ్డా. కాళ్లతోటి నడుమును పట్టుకో" అన్నాను.

"నొస్తది గద అమ్మా."

"నొయ్యది. ఇడువు."

మెల్లగా వదిలింది. ఏడేళ్ల పిల్ల కాలు నా పొట్ట మీదుగా వేలాడింది. అడుగు వేశాను, డప్పు మోగింది, కాలు ఊగింది. తగలబోయే చోటు నాకు తెలుసు. పళ్లు బిగబట్టాను. తగల్లేదు. కిందకి చూద్దామంటే నెత్తిన బోనం, తల వంచలేను. ఇంకో అడుగు వేశాను. అప్పుడు తెలిసింది. అత్తమ్మ నా పక్కనే, నాతో సమానంగా అడుగులేస్తూ, ఆ కాలికీ నా పొట్టకూ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టి నడుస్తోంది. పాదం వచ్చి ఆమె చేతి మీద పడుతోంది. నూనె రుద్దిన చెయ్యి, వెచ్చగా ఉంది.

"చెయ్యి తియ్యి అత్తమ్మా. నాకు నొస్తలేదు."

"నడువు" అంది.

"మొక్కు నేను నడుసుడు గద. నువ్వెందుకు వంగి నడుస్తవు?"

"మొక్కిందెవరు? నేను. నడువు."

గుడి గడప వచ్చేసింది. బోనం దించుకున్నారు. నా కుడిచెయ్యి ఖాళీ అయింది. అత్తమ్మ గడప మీద తల ఆనించి మొక్కి, లేచి, తేలికపడ్డ మొహంతో నా వైపు తిరిగింది.

"తీరింది. ఇగ దించు బిడ్డా, బరువు."

నేను దించలేదు. ఖాళీ అయిన చేతిని కూడా పిల్ల చుట్టూ వేసుకున్నాను. దాని గుండె నా మెడ పక్కన కొట్టుకుంటోంది. నడుము విరిగిపోతోంది. పొట్ట మీద దాని కాలు ఇప్పుడు నేరుగా ఆనుకుని ఉంది. అక్కడ చిన్నగా చురుక్కుమంది. ఉండనీ అనుకున్నాను.

"అమ్మా, దిగాల్నా?" అని చెవిలో అడిగింది.

"వద్దు" అన్నాను. దాన్ని అట్లాగే ఎత్తుకుని గుడి చుట్టూ నడవడం మొదలుపెట్టాను. అత్తమ్మ వెనకే వచ్చింది. వద్దనలేదు, చెయ్యీ అడ్డం పెట్టలేదు. మొక్కు గడప దాకే. ఆ పైన నడిచిన నడక మాత్రం నాది.